చేతి అల్లిక: మసిగుడ్డ నుంచి పాపాయి దుప్పటి దాకా, విశాఖ ఇళ్లకు తగిన నమూనాలు

విశాఖపట్నంలో ఉంటూ ఊలు అల్లుతున్నానంటే, “ఈ ఉక్కలో స్వెట్టర్ ఎవరికండీ?” అని అడగనివారు అరుదు. అడగడంలో తప్పు లేదు. గాలిలో తేమ ఏడాది పొడవునా ఉండే సముద్రపు ఒడ్డు ఊరిలో, నిండు చేతుల ఉన్ని స్వెట్టర్ బీరువాలోనే పాతబడిపోతుంది. అయితే రెండు సూదులతో అల్లగలిగినది స్వెట్టర్ ఒక్కటే కాదు. పొయ్యి మీది గిన్నెను దించే మసిగుడ్డ, దించిన గిన్నె కింద వేసే మందపాటి పట్టా, సోఫా దిండుకు తొడిగే గలీబు, పసిబిడ్డకు కప్పే దుప్పటి, డిసెంబరులో అరకుకో లంబసింగికో వెళ్లేటప్పుడు పెట్టుకునే టోపీ, మెడకు చుట్టుకునే మఫ్లర్, ఇవన్నీ మన ఇళ్లలో నిజంగా వాడుకలో ఉండే వస్తువులు. వీటిని అల్లడానికి కావలసిన పని రెండు రకాల కుట్లతోనే జరిగిపోతుంది.

ఈ వ్యాసంలో నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఒకటే. నమూనాలో ఉన్న అంకెలను కంఠస్థం చేయడం కన్నా ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవడం మేలు. ఎవరో రాసిన నమూనాలో “60 కుట్లు ఎక్కించండి” అని ఉంటే, అది వారి దారానికి, వారి సూదికి, వారి చేతి బిగువుకు సరిపోయిన లెక్క. మన చేతికి అదే లెక్క సరిపోవాలన్న నియమం లేదు. ఒక చిన్న కొలత ముక్కను అల్లి, దానిమీద స్కేలు పెట్టి లెక్క కట్టుకున్నవారు ఏ వస్తువునైనా తమ ఇంటి కొలతకు తామే రాసుకోగలరు. అందుకే కింద ఇచ్చిన ప్రతి నమూనాతో పాటు దాని లెక్కను కూడా విడమరచి ఇస్తున్నాను.

ఒక మాట ముందే చెప్పాలి. మన రాష్ట్రంలో అల్లిక అనగానే నరసాపురం లేసు గుర్తుకు వస్తుంది. అది కొక్కెం ఉన్న ఒకే సూదితో చేసే క్రోషే పని. అందులో ఒక కుట్టు పూర్తయిన తరువాతే మరొక కుట్టు మొదలవుతుంది. ఇక్కడ చెప్పబోయే నిట్టింగులో ఒక వరుసలోని కుట్లన్నీ ఒకేసారి సూది మీద ఉంటాయి, కనుక బట్ట సాగుతుంది, ఒంటికి అతుక్కుంటుంది, క్రోషే కన్నా పలుచగా, మెత్తగా వస్తుంది.

దారం, సూదులు

మన దుకాణాలలో “ఊలు” అని అడిగితే చేతికిచ్చేది చాలావరకు అక్రిలిక్ దారమే. అది చవక, రంగులు ఎక్కువ, ఉతికినా పాడుకాదు, పురుగు పట్టదు. పాపాయి దుప్పటికి, టోపీకి, మఫ్లర్‌కు అది బాగానే ఉంటుంది. కానీ వంటింట్లో వేడి తగిలే ఏ వస్తువుకూ అక్రిలిక్ వాడకూడదు. వేడికి అది మెత్తబడి కరుగుతుంది, కరిగినది చర్మానికి అంటుకుంటుంది. మసిగుడ్డకు, గిన్నె కింది పట్టాకు నూలు దారమే వాడాలి. నూలు నీటిని పీల్చుకుంటుంది, వేడిని తట్టుకుంటుంది, వేడినీటిలో ఉతికినా చెక్కుచెదరదు. దానికున్న లోపం సాగే గుణం లేకపోవడం. నూలుతో టోపీ అల్లితే పది రోజులకే వదులై చెవుల మీదికి జారుతుంది.

అసలైన గొర్రె ఉన్నికి సాగి మళ్లీ దగ్గరకు వచ్చే గుణం పుట్టుకతోనే ఉంది. చలి ప్రదేశాలకు అంతకన్నా మంచిది లేదు. అయితే మన వాతావరణంలో దానిని దాచడం కష్టం, వేడినీటిలో వేసి రుద్దితే గట్టిపడి ముడుచుకుపోతుంది. కొత్తగా నేర్చుకునేవారు మధ్యస్థ మందం ఉన్న నూలు ఉండ ఒకటి, లేత రంగు అక్రిలిక్ ఉండ ఒకటి కొనుక్కుంటే సరిపోతుంది. నలుపు, ముదురు నీలం దారాలతో పని నేర్చుకోవద్దు. ట్యూబ్‌లైటు వెలుగులో ఆ కుట్లు కళ్లకు ఆనవు.

దుప్పటిలాంటి పెద్ద వస్తువుకు దారం కొనేటప్పుడు చీటీ మీద రంగు సంఖ్యతో పాటు డై లాట్ సంఖ్య కూడా చూడాలి. ఒకే రంగు పేరుతో ఉన్నా, వేర్వేరు సార్లు అద్దిన దారాలలో ఛాయ కొద్దిగా తేడా వస్తుంది. ఉండలు పక్కపక్కన పెట్టినప్పుడు తేడా కనపడదు, అల్లిన తరువాత దుప్పటి నడుమ గీత గీసినట్టు కనపడుతుంది. అందుకే లెక్క కన్నా ఒక ఉండ ఎక్కువగా, ఒకే లాట్ నుంచి, ఒకేసారి కొనాలి.

సూదుల సంఖ్యల గురించి తెలియక చాలామంది పొరబడతారు. మన దగ్గర పాత ఇంగ్లండు పద్ధతి సంఖ్యలు వాడుకలో ఉన్నాయి. అందులో సంఖ్య పెరిగే కొద్దీ సూది సన్నబడుతుంది. 12వ నంబరు 2.75 మిల్లీమీటర్లు, 10వది 3.25, 8వది 4, 7వది 4.5, 6వది 5 మిల్లీమీటర్లు. అమెరికా పద్ధతి దీనికి తలకిందులు. అక్కడ సంఖ్యతో పాటు లావు కూడా పెరుగుతుంది, వారి 6వ నంబరు 4 మిల్లీమీటర్లు, 8వ నంబరు 5 మిల్లీమీటర్లు. 7వ నంబరు మాత్రం రెండు పద్ధతులలోనూ 4.5 మిల్లీమీటర్లే. ఇంటర్నెట్‌లో దొరికే నమూనాలలో “8వ నంబరు” అని ఉంటే అది ఏ దేశపు లెక్కో తేలే వరకు మొదలుపెట్టవద్దు. మిల్లీమీటర్లలో అడిగి కొనడం అన్నిటికన్నా క్షేమం. కింది నమూనాలన్నిటికీ 4.5 మిల్లీమీటర్ల సూదులు చాలు. జగదాంబ కూడలి వైపు గానీ, పూర్ణా మార్కెట్ వైపు గానీ కుట్టు సామాన్లు అమ్మే దుకాణాలలో అడిగి చూడండి. వెదురు సూదులు దొరికితే వాటినే తీసుకోండి. మే నెలలో అరచేతులకు చెమట పట్టినప్పుడు లోహపు సూది వేళ్లలో జారుతుంది, వెదురు సూది మీద కుట్టు ఉన్నచోటనే నిలుస్తుంది.

రెండే కుట్లు

మొదట కుట్లు ఎక్కించాలి. దారం కొస నుంచి, అల్లబోయే వెడల్పుకు మూడు రెట్లు, దానిపై మరొక జానెడు కొలిచి, అక్కడ జారుముడి వేసి సూదికి తొడగండి. కొస వైపు దారాన్ని ఎడమ బొటనవేలికి చుట్టి, ఆ చుట్టులోకి కింది నుంచి సూదిని దూర్చి, ఉండ వైపు దారాన్ని సూదికి చుట్టి, బొటనవేలి చుట్టును సూది మీదుగా వదిలి బిగించండి. ఒక కుట్టు ఎక్కింది. మరీ బిగించవద్దు. సూది మీద కుట్టును వేలితో తోస్తే అది కదలాలి.

ఇక నిట్ కుట్టు. దారం పని వెనుక ఉండాలి. కుడి సూదిని ఎడమ సూది మీది మొదటి కుట్టులోకి ముందు నుంచి వెనుకకు దూర్చి, దానికి దారం చుట్టి, ఆ చుట్టును ముందుకు లాగి, పాత కుట్టును ఎడమ సూది నుంచి వదిలేయాలి. పర్ల్ కుట్టుకు దారం పని ముందు ఉండాలి. సూదిని కుడి నుంచి ఎడమకు, కుట్టు ముందు వైపుగా దూర్చి, దారం చుట్టి, చుట్టును వెనుకకు నెట్టాలి. ఈ రెండూ నిజానికి ఒకే కుట్టు యొక్క ముఖం, వీపు. నిట్ ముఖం సన్నని జడ పాయలా కనపడుతుంది, పర్ల్ ముఖం అడ్డంగా చిన్న పూసలా కనపడుతుంది. ఈ రెండు ఆకారాలను కంటితో గుర్తుపట్టడం వచ్చిన రోజున, ఏ వరుసలో ఉన్నామో కాగితం చూడకుండానే తెలిసిపోతుంది.

అన్ని వరుసలూ నిట్ అల్లితే రెండు వైపులా పూసల గట్లు తేలుతాయి, దీనిని గార్టర్ అంటారు. అది ముడుచుకోదు, మంచం మీద పరిచినట్టు చదునుగా ఉంటుంది. ఒక వరుస నిట్, ఒక వరుస పర్ల్ అల్లితే వచ్చే నున్నని బట్ట స్టాకినెట్. చూడడానికి అందంగా ఉంటుంది కానీ పక్కలు వెనుకకు, పైఅంచు, కిందిఅంచు ముందుకు చుట్టుకుపోతాయి. మొదటి మఫ్లర్‌ను స్టాకినెట్‌లో అల్లి, అది గొట్టంలా చుట్టుకుపోయిందని దిగులుపడేవారు చాలామంది. తప్పు వారి చేతిది కాదు, ఆ బట్ట స్వభావమే అంత. అందుకే ఇక్కడ ఇచ్చిన నమూనాలన్నీ ముడుచుకోని రకాలే.

ముగింపుకు, రెండు కుట్లు నిట్ అల్లి, మొదటిదాన్ని రెండోదాని మీదుగా దాటించి సూది నుంచి వదలాలి. మరొక కుట్టు అల్లి మళ్లీ దాటించాలి. చివరి కుట్టు మిగిలినప్పుడు దారం కత్తిరించి అందులోంచి లాగాలి. ముగింపు వరుస బిగుసుకుపోవడం కొత్తవారికి సహజం, కనుక ఆ ఒక్క వరుసకు 5 మిల్లీమీటర్ల సూదిని కుడి చేతిలోకి తీసుకోండి.

కొలత ముక్క

ఈ పనిని దాటవేసి నేరుగా వస్తువు మొదలుపెట్టాలని అందరికీ మనసు లాగుతుంది. నేనూ మొదట్లో అలాగే చేశాను. మా పాప కోసం అల్లిన టోపీ పూర్తయ్యేసరికి మా ఆయన తలకు సరిపోయింది.

అల్లబోయే నమూనాలోనే, 30 కుట్లు ఎక్కించి, 15 సెంటీమీటర్ల పొడవు వచ్చే వరకు అల్లి ముగించండి. ఆ ముక్కను గోరువెచ్చని నీటిలో తడిపి, పిండకుండా తువాలులో చుట్టి ఒత్తి, నీడలో చదునుగా ఆరబెట్టండి. నూలు ముక్క ఉతికిన తరువాత తప్పకుండా కొలత మారుతుంది, అందుకే తడపక ముందు తీసిన కొలతను నమ్మకూడదు. ఆరిన తరువాత ముక్క నడుమ, అంచులకు దూరంగా స్కేలు పెట్టి, 10 సెంటీమీటర్లలో ఎన్ని కుట్లు, ఎన్ని వరుసలు ఉన్నాయో గుండుసూదులు గుచ్చి లెక్కించండి. అర కుట్టు వచ్చినా వదిలేయవద్దు. వంద కుట్ల దుప్పటిలో అర కుట్టు తేడా సుమారు ఒకటిన్నర సెంటీమీటర్ల తేడా అవుతుంది.

ఉదాహరణకు 10 సెంటీమీటర్లకు 18 కుట్లు, 24 వరుసలు వచ్చాయనుకుందాం. అంటే సెంటీమీటరుకు 1.8 కుట్లు, 2.4 వరుసలు. కావలసిన వెడల్పును 1.8తో హెచ్చవేస్తే ఎక్కించవలసిన కుట్లు వస్తాయి. ఆ వచ్చిన అంకెను నమూనా కోరే గుణిజానికి దగ్గరగా సర్దుకోవాలి. ఈ వ్యాసంలో లెక్కలన్నీ ఈ 1.8 మీదనే వేస్తున్నాను, మీకు వచ్చిన అంకెను దాని స్థానంలో పెట్టుకోండి. ఆ ముక్కను తూకం కూడా వేసి రాసుకోండి, దుప్పటి దగ్గర అది అక్కరకు వస్తుంది.

మూల నుంచి మూలకు అల్లే మసిగుడ్డ

మొదటి వస్తువుగా నేను అందరికీ ఇదే చెబుతాను, ఎందుకంటే దీనికి కొలత ముక్క కూడా అక్కరలేదు. ఒక మూలలో నాలుగు కుట్లతో మొదలై, వరుసకు ఒక కుట్టు చొప్పున పెరిగి, కావలసినంత వెడల్పు వచ్చాక వరుసకు ఒక కుట్టు చొప్పున తగ్గి, ఎదుటి మూలలో ముగుస్తుంది. కావలసినంత అయిందో లేదో కంటితోనే తేల్చుకోవచ్చు.

దీనిలో కొత్తగా నేర్చుకోవలసినది కన్ను వేయడం. నిట్ చేయబోయే ముందు దారాన్ని రెండు సూదుల మధ్య నుంచి ముందుకు తెచ్చి, కుడి సూది మీదుగా వెనుకకు వేసుకుని, తరువాతి కుట్టు అల్లాలి. సూది మీద ఒక చుట్టు అదనంగా మిగులుతుంది. తిరుగు వరుసలో దాన్ని మామూలు కుట్టులాగే నిట్ అల్లితే అక్కడ చిన్న కన్ను పడుతుంది, ఒక కుట్టు పెరుగుతుంది.

నూలు దారంతో 4 కుట్లు ఎక్కించి ఒక వరుస నిట్ అల్లండి. తరువాత ప్రతి వరుసా ఒకటే: 2 నిట్, ఒక కన్ను, చివరి వరకు నిట్. సూది మీద 45 కుట్లు అయ్యే వరకు ఇలాగే సాగండి. అక్కడి నుంచి తగ్గించే వరుస: 1 నిట్, రెండు కుట్లు కలిపి ఒకటిగా నిట్, ఒక కన్ను, మళ్లీ రెండు కలిపి ఒకటిగా నిట్, చివరి వరకు నిట్. ఈ వరుసలో రెండు కుట్లు తగ్గి ఒకటి పెరుగుతుంది, కనుక మొత్తం మీద ఒకటి తగ్గుతుంది, అంచున కన్నుల వరుస మాత్రం తెగకుండా సాగుతుంది. 5 కుట్లు మిగిలినప్పుడు 1 నిట్, రెండు కలిపి ఒకటిగా నిట్, 2 నిట్ అల్లి, మిగిలిన 4 కుట్లను ముగించండి.

ఇది సరిగ్గా నలుచదరంగా ఎందుకు వస్తుందో గమనించండి. గార్టర్ బట్టలో రెండు వరుసల ఎత్తు దాదాపు ఒక కుట్టు వెడల్పుకు సమానం. వరుసకు ఒక కుట్టు పెరిగితే, ఎత్తు ఎంత పెరిగిందో దానికి రెట్టింపు వెడల్పు పెరుగుతుంది. అలా పెరిగిన త్రికోణానికి మొదటి మూల లంబకోణమే అవుతుంది. సూది మీద ఉన్నది ఆ చదరపు కర్ణం. 45 కుట్లు అంటే 25 సెంటీమీటర్లు, దానిని 0.7తో హెచ్చవేస్తే ఒక్కొక్క అంచు సుమారు 17.5 సెంటీమీటర్లు. పెద్ద మసిగుడ్డ కావాలంటే 60 కుట్ల దాకా పోండి, అంచు 23 సెంటీమీటర్లు వస్తుంది.

వంటింటి తూకం ఉన్నవారికి మరొక సౌకర్యం ఉంది. దారం ఉండను మొదలుపెట్టే ముందు తూచి, సగానికి రెండు, మూడు గ్రాములు ఎక్కువగా మిగిలి ఉండగానే తగ్గించడం మొదలుపెడితే ఉండ మొత్తం వాడుకోవచ్చు, చివర దారం చాలకపోవడం ఉండదు. ఇదే నమూనాను ఆపకుండా పెంచుకుంటూ పోతే దుప్పటి కూడా అవుతుంది.

మసిగుడ్డ తడిగా ఉన్నప్పుడు దానితో వేడి గిన్నె పట్టుకోవద్దు. తడి నూలు గుండా వేడి వెంటనే చేతికి చేరుతుంది. అల్లిన మసిగుడ్డలు రెండు, మూడు ఉంటే ఒకటి ఆరుతుండగా మరొకటి వాడుకోవచ్చు.

గిన్నె కింది పట్టాకు ఇదే నూలుతో 36 కుట్లు ఎక్కించి, గార్టర్‌లో 72 గట్లు, అంటే 144 వరుసలు అల్లండి. గార్టర్‌లో రెండు వరుసలు ఒక కుట్టు వెడల్పుకు సమానం, అంటే సెంటీమీటరుకు 3.6 వరుసలు కనుక, 20 సెంటీమీటర్ల వెడల్పు, 40 సెంటీమీటర్ల పొడవు వస్తుంది. దానిని సగానికి మడిచి, లోపల పాత నూలు తువాలు ముక్క ఒక పొర పెట్టి, మూడు అంచులూ కుట్టేయండి. ఇడ్లీ కుక్కరు దించినా బల్లకు వేడి మచ్చ పడదు.

అరకు ప్రయాణానికి టోపీ, మఫ్లర్

సముద్రపు ఒడ్డున చెమట పడుతుండగా కిరండోల్ రైలెక్కి, సొరంగాలు దాటి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకులో దిగేవారికి, జనవరి తెల్లవారుజామున చెవులు కప్పుకోవలసిన అవసరం ఏమిటో చెప్పనక్కరలేదు. లంబసింగిలో చలి ఇంకా ఎక్కువ. బజారు మంకీ క్యాపు కన్నా చేతితో అల్లిన రిబ్ టోపీ హాయిగా ఉంటుంది, ఎందుకంటే నిట్, పర్ల్ కుట్లు పక్కపక్కన నిలువు గట్లుగా వచ్చే ఈ రిబ్ అల్లిక అడ్డంగా సాగి తలకు తగినట్టు సర్దుకుంటుంది.

పెద్దవారి తల చుట్టుకొలత సాధారణంగా 54 నుంచి 57 సెంటీమీటర్లు. టోపీ తల కన్నా చిన్నదిగా ఉండాలి, అప్పుడే సాగి నిలుస్తుంది. 55 నుంచి 5 తీసేస్తే 50. దానిని 1.8తో హెచ్చవేస్తే 90. రెండు నిట్, రెండు పర్ల్ రిబ్‌కు నాలుగు గుణిజానికి రెండు కలపాలి. 22 నాలుగులు 88, రెండు కలిపితే 90. లెక్క అచ్చంగా కుదిరింది. ఆ అదనపు రెండు కుట్లు చివర రెండు అంచులనూ కలిపి కుట్టేటప్పుడు లోపలికి పోతాయి, అతుకు దగ్గర కూడా రిబ్ తెగకుండా కనపడుతుంది.

మొదటి వరుస: 2 నిట్, తరువాత 2 పర్ల్, 2 నిట్ చొప్పున చివరి వరకు. రెండో వరుస: 2 పర్ల్, తరువాత 2 నిట్, 2 పర్ల్ చొప్పున చివరి వరకు. ఈ రెండు వరుసలే 24 సెంటీమీటర్ల ఎత్తు వరకు. ఆపైన ఒక వరుస మొత్తం రెండేసి కుట్లు కలిపి నిట్ అల్లితే 45 మిగులుతాయి. ఒక వరుస పర్ల్. మళ్లీ రెండేసి కలుపుతూ, చివరి ఒక్కటి విడిగా అల్లితే 23 మిగులుతాయి. దారాన్ని మూరెడు వదిలి కత్తిరించి, మొద్దు మొన ఉన్న పెద్ద సూదిలోకి ఎక్కించి, ఆ 23 కుట్లలోంచి దూర్చి, నోరు మూసుకునేలా లాగి ముడి వేయండి. అదే దారంతో పక్క అంచులను కుట్టండి. కింది నుంచి 5 సెంటీమీటర్లు పైకి మడిస్తే చెవుల మీద రెండు పొరలు వస్తాయి.

అప్పుడే పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత సుమారు 34, 35 సెంటీమీటర్లు. దానికి 58 కుట్లు, 14 సెంటీమీటర్ల ఎత్తు చాలు. తగ్గించేటప్పుడు 58 నుంచి 29కి, 29 నుంచి 15కి వస్తాయి. మన ఊరి వేడిలో ఇంట్లో నిద్రపోతున్న బిడ్డకు ఈ టోపీ ఉంచవద్దు, ఒళ్లు వేడెక్కుతుంది.

మఫ్లర్‌కు ఒకే వరుస గుర్తుపెట్టుకుంటే చాలిన నమూనా ఒకటి ఉంది. నాలుగు గుణిజానికి మూడు కలిపి, అంటే 43 కుట్లు ఎక్కించండి. ప్రతి వరుసలోనూ 2 నిట్, 2 పర్ల్ అంటూ పోయి, చివరి మూడు కుట్లలో 2 నిట్, 1 పర్ల్ అల్లండి. లెక్క ఒక కుట్టు పక్కకు జరుగుతూ ఉండడం వల్ల మామూలు రిబ్‌కు బదులు లోతైన గాళ్లతో రెండు వైపులా ఒకేలా ఉండే బట్ట వస్తుంది. రెండు వైపులా ఒకేలా ఉండడం మఫ్లర్‌కు ఎంతో అవసరం, మెడకు చుట్టినప్పుడు లోపలి వైపు కూడా బయటకు కనపడుతుంది కదా. 150 సెంటీమీటర్ల పొడవు వరకు అల్లండి.

పాపాయి దుప్పటి

దుప్పటికి బుట్ట అల్లిక నమూనాను ఎంచుకున్నాను. ఇది తాటాకు చాపలాగా చతురపు గళ్లతో ఉంటుంది, కన్నులు ఉండవు. పసిబిడ్డల దుప్పటికి కన్నుల నమూనాలు వద్దు, చిన్న వేళ్లు వాటిలో ఇరుక్కుంటాయి. కుచ్చులు, గుండీలు కూడా వద్దు. ఏడాది లోపు బిడ్డ నిద్రపోయేటప్పుడు పక్కన వదులు దుప్పటి ఉంచకూడదని వైద్యులు చెబుతారు. దీనిని ఒడిలో కూర్చోబెట్టుకున్నప్పుడు, బయటకు తీసుకెళ్లినప్పుడు కప్పడానికి వాడండి.

గళ్లకు ఆరు గుణిజం కావాలి. వెడల్పు 75 సెంటీమీటర్లు అనుకుంటే 1.8తో హెచ్చవేయగా 135. రెండు పక్కలా ఆరేసి కుట్లు గార్టర్ అంచుకు తీసేస్తే నడుమ 123 మిగులుతాయి. 123 ఆరుతో పోదు. దగ్గరలో 120, 126 ఉన్నాయి. నేను 126 తీసుకుంటాను. అంచులతో కలిపి 138 కుట్లు, వెడల్పు సుమారు 76.5 సెంటీమీటర్లు. పొడవు 90 సెంటీమీటర్లకు 216 వరుసలు. పైన, కింద పదేసి వరుసలు గార్టర్ పోగా 196. గళ్ల నమూనా ఎనిమిది వరుసలకు ఒకసారి తిరుగుతుంది, 24 సార్లు అల్లితే 192. మొత్తం 212 వరుసలు, పొడవు సుమారు 88 సెంటీమీటర్లు.

138 కుట్లు ఎక్కించి 10 వరుసలు నిట్ అల్లండి. తరువాత నాలుగు వరుసలు: అంచు 6 నిట్, నడుమ 3 నిట్, 3 పర్ల్ చొప్పున, అంచు 6 నిట్. ఆపై నాలుగు వరుసలు: అంచు 6 నిట్, నడుమ 3 పర్ల్, 3 నిట్ చొప్పున, అంచు 6 నిట్. ముందు వైపు అయినా వెనుక వైపు అయినా వరుస మాటల్లో ఒకటే, అందుకే కబుర్లు చెప్పుకుంటూ కూడా అల్లవచ్చు. అంచుల దగ్గర ఒక్కొక్క గుర్తు రింగు తొడిగితే ఆరు కుట్లు మాటిమాటికీ లెక్కించనక్కరలేదు.

దారం లెక్కకు కొలత ముక్క తూకం ఇప్పుడు అవసరం. 30 కుట్ల ముక్క 16.7 సెంటీమీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల పొడవు, అంటే సుమారు 250 చదరపు సెంటీమీటర్లు. అది 12 గ్రాములు తూగిందనుకోండి. 76.5ను 88తో హెచ్చవేస్తే సుమారు 6,730 చదరపు సెంటీమీటర్లు. అది 250కి దాదాపు 27 రెట్లు, కనుక సుమారు 324 గ్రాములు. పదో వంతు అదనంగా కలుపుకుని 360 గ్రాములు కొంటే నిశ్చింత.

ఇన్ని కుట్లకు నిలువు సూదులు ఇరుకు. 80 సెంటీమీటర్ల తీగ ఉన్న వృత్తాకార సూది మీద ముందుకూ వెనుకకూ అల్లితే దుప్పటి బరువు మణికట్టు మీద కాక ఒడిలో పడుతుంది. అయితే ఏప్రిల్, మే నెలల ఉక్కపోతలో ఒడి నిండా దుప్పటి పెట్టుకుని కూర్చోవడం అయ్యేపని కాదు. వేసవిలో మొదలుపెట్టేవారు మూడు నిలువు పట్టీలుగా అల్లుకోవచ్చు. నడుమ 126ను మూడు భాగాలు చేస్తే 42 చొప్పున వస్తాయి, అదీ ఆరుతో పోతుంది. పక్క పట్టీలకు ఒక వైపు మాత్రమే 6 కుట్ల అంచు కలిపితే 48, నడిమి పట్టీ 42, దానికి అతుకు కోసం రెండు పక్కలా ఒక్కొక్కటి కలిపి 44, పక్క పట్టీల లోపలి వైపు కూడా ఒక్కొక్కటి కలిపి 49. ఆ అతుకు కుట్లను అన్ని వరుసల్లోనూ ఒకే తీరున, ముందు వైపు నిట్, వెనుక వైపు పర్ల్ అల్లండి. ఒక్కొక్క పట్టీ చేతిసంచిలో పడుతుంది.

దిండు గలీబుకు లెక్క చిన్నదే. 40 సెంటీమీటర్ల దిండుకు గలీబు 38 ఉంటేనే బిగువుగా ఉంటుంది. 69 కుట్లు ఎక్కించి, ప్రతి వరుసా 1 నిట్, 1 పర్ల్ అంటూ, చివర 1 నిట్‌తో ముగించండి. నువ్వులు చల్లినట్టు గింజ గింజగా వస్తుంది. 86 సెంటీమీటర్ల పొడవు అల్లి, వెనుక 10 సెంటీమీటర్లు ఒకదానిమీద ఒకటి పడేలా మడిచి పక్కలు కుట్టండి. గుండీలు అక్కరలేదు.

జారిన కుట్టు, పెరిగిన కుట్టు

కొత్తవారికి కుట్లు వాటంతట అవే పెరుగుతుంటాయి. కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: వరుస మొదట్లో దారాన్ని సూది మీదుగా వెనుకకు లాగడం వల్ల మొదటి కుట్టు రెండు కాళ్లుగా విడిపోయి రెండు కుట్లలా కనపడుతుంది, రెండింటినీ అల్లేస్తారు. వరుస మొదలుపెట్టే ముందు దారాన్ని కిందికి లాగి పెట్టుకుంటే ఇది జరగదు. కొత్తలో ప్రతి వరుస చివరా కుట్లు లెక్కించండి.

కుట్టు జారితే చేతిలోది కింద పెట్టి ఊపిరి పీల్చుకోండి. బట్టను బల్ల మీద పరచి చూస్తే, జారిన కుట్టు కిందెక్కడో చిన్న ఉంగరంలా నిలిచి, దాని పైన అడ్డంగా దారపు మెట్లు నిచ్చెనలా కనపడతాయి. నిట్ ముఖం మీ వైపు ఉండేలా తిప్పి, క్రోషే కొక్కేన్ని ముందు నుంచి ఆ ఉంగరంలోకి దూర్చి, అన్నిటికన్నా కిందనున్న మెట్టును పట్టుకుని ఉంగరంలోంచి ముందుకు లాగండి. ఒక మెట్టు ఎక్కింది. తరువాతి మెట్టుకు మళ్లీ అలాగే. పైకి చేరాక ఎడమ సూదికి తొడిగేయండి. బుట్ట అల్లికలో ఆ చోట పర్ల్ కుట్టు ఉండవలసి ఉంటే, బట్టను తిప్పి వెనుక నుంచి ఎక్కించాలి.

దుప్పటిలో ప్రతి 40 వరుసలకు ఒకసారి, సూది మీద ఉన్న కుట్లన్నిటిలోంచి వేరే రంగు కుట్టుదారం ఒకటి దూర్చి వదిలేస్తే, పెద్ద తప్పు జరిగి విప్పవలసి వచ్చినా విప్పడం ఆ దారం దగ్గర ఆగుతుంది.

ఉతకడం, దాచడం

ముదురు రంగు నూలుతో పని మొదలుపెట్టే ముందు ఒక జానెడు దారాన్ని తడిపి తెల్లగుడ్డలో పెట్టి పిండి చూడండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజున కిటికీ అద్దం పగిలి మా ట్రంకుపెట్టెలోకి నీళ్లు చేరాయి. మూడు రోజుల తరువాత తెరిచి చూస్తే, పైనున్న ఎర్ర నూలు ఉండల రంగు కింద ఉన్న తెల్ల దుప్పటి మడతమడతకూ దిగిపోయింది. అప్పటి నుంచి ఎర్ర దారాన్ని ముందే ఉప్పునీటిలో జాడించి, నీళ్లలో రంగు దిగడం ఆగాకే వాడుతున్నాను, తెల్లవాటితో కలిపి దాచను.

అల్లిన వస్తువులను దండెం మీద వేలాడదీయకూడదు, తడి బరువుకు సాగిపోతాయి. పాత చీర పరచి దానిమీద చదునుగా నీడలో ఆరబెట్టాలి. అక్రిలిక్ మీద ఇస్త్రీపెట్టె పెట్టవద్దు, ఒక్కసారి వేడి తగిలితే బట్ట బిగువంతా పోయి పల్చబడి వేలాడుతుంది, మళ్లీ మామూలుకు రాదు.

వానాకాలంలో ప్లాస్టిక్ సంచులలో కట్టిపెడితే లోపలి చెమ్మకు బూజు పడుతుంది. ఉతికిన నూలు గుడ్డలోనో పాత దిండు గలీబులోనో చుట్టి, ఎండిన వేపాకు గుడ్డమూటలో కట్టి పక్కన పెట్టండి. ఉన్ని వస్తువులు దాచేముందు తప్పకుండా ఉతికి ఉండాలి, చెమట మరకల మీదికే పురుగు ముందు వస్తుంది. వానలు తెరిపి ఇచ్చిన రోజున అన్నిటినీ బయటకు తీసి, ఒక పూట గాలికి ఆరబెట్టి, ముందు మడిచిన మడతలు కాక వేరే చోట మడిచి లోపల పెట్టండి.